పొంతన కుదిరితేనే పికప్పు!

పుత్తూరు పేరెత్తితే ఎవరికైనా విరిగిన ఎముకలకు వేసే కట్టే గుర్తొస్తుంది. కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం ఈ ఊరి మీదుగా పోయే చెన్నై–తిరుపతి హైవే వేరే కారణంతో ముఖ్యం. చెన్నై వైపు పోతే ఒకప్పుడు మిత్సుబిషి లాన్సర్లు తయారైన తిరువళ్లూరు తగులుతుంది. తిరుపతి వైపు తిరిగితే అమరాన్ బ్యాటరీల పుట్టిల్లు కరకంబాడి. నాగలాపురం, సత్యవేడు మీదుగా తూర్పుకు వెళితే ఇసుజు కంపెనీ ఉన్న శ్రీసిటీ. పిస్టన్లు, కార్బురేటర్లు, స్టార్టర్ మోటార్లు చేసే మద్రాసు కంపెనీలూ దూరమేమీ కాదు. సామాను దొరకడం కష్టం కాదు. ఏ సామానుకు ఏది జోడో తెలుసుకోవడమే కష్టం. అది తెలియక వేలకు వేలు పోసి, చివరికి పాత బండే నయమని తల పట్టుకునేవాళ్లు చాలామంది. రోడ్డు మీద తిరిగే కారు ఇంజిన్‌కు బలం పెంచడం వెనక ఉన్న లెక్కలు, చరిత్ర, చట్టం గురించి కొన్ని విశేషాలు...

37 గుర్రాల కారు, మిట్ట మీద 21

మారుతి 800 బ్రోషర్‌లో 37 హెచ్‌పీ అని ఉండేది. ఆ 37 వచ్చేది 5,000 ఆర్‌పీఎం దగ్గర. గరిష్ఠ టార్క్ 59 న్యూటన్ మీటర్లు మాత్రం 2,500 దగ్గరే అందేది. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఆ లెక్కన 2,500 దగ్గర ఆ ఇంజిన్ ఇచ్చేది 15.4 కిలోవాట్లు, అంటే సుమారు 21 హెచ్‌పీ. ఊళ్లో తిరిగేటప్పుడు, మిట్ట ఎక్కేటప్పుడు మనం వాడుకునేది ఈ 21నే. పేపరు మీది 37ను 50 చేసే పార్టులు చాలాసార్లు కింది 21ని 17కో 18కో దించేస్తాయి. 'పవర్ పెరిగింది గానీ బండి లాగడం లేదు' అనే ఫిర్యాదుకు మూలం ఇదే.

తొందరగా వెళితే జరిమానా వేసే రోడ్డు

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. రూపకల్పన మోక్షగుండం విశ్వేశ్వరయ్యది. రెండోది 1970ల్లో పూర్తయింది. ఇప్పుడు ఎక్కడానికి రెండోది, దిగడానికి మొదటిది. ఈ ఘాట్లలో ప్రయాణానికి కనీస సమయం నిర్ణయించారు. అంతకన్నా ముందే రెండో చివరకు చేరితే జరిమానా తప్పదు. కాబట్టి ఇక్కడ 6,000 ఆర్‌పీఎం దగ్గర పలికే ఇంజిన్‌తో ఏ ప్రయోజనమూ లేదు. కుటుంబమంతా కూర్చున్న బండి రెండో గేరులో, 2,000–3,000 ఆర్‌పీఎం మధ్య, మలుపు తిరిగీ తిరగగానే లాగాలి. ఇంజిన్ కట్టించేవాళ్లు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఎంత పవర్ కావాలని కాదు, ఏ ఆర్‌పీఎంలో కావాలని. మిగతా సామాను అంతా ఆ జవాబును బట్టే ఎంచాలి.

అర మిల్లీమీటరు బోరింగ్‌తో వచ్చేది 12 సీసీ

మారుతి 800 సిలిండర్ బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72. మూడు సిలిండర్లు కలిపితే 796 సీసీ. అరిగిన సిలిండర్‌ను లేత్ షాపులో అర మిల్లీమీటరు పెంచి 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే అయ్యేది 808 సీసీ. మిల్లీమీటరు పెంచినా 819 దాటదు. అంటే 3 శాతం. 'బోరింగ్ చేయించాం, బండి దూసుకుపోతోంది' అనేవాళ్లకు ఆ తేడా తెలిసేది పెరిగిన సీసీ వల్ల కాదు. అరిగిన గోడల పక్కనుంచి కారిపోతున్న కంప్రెషన్ కొత్త రింగులతో మళ్లీ నిలబడటం వల్ల. ఆ రింగు చివరల మధ్య వదిలే సందుకూ లెక్క ఉంది. బోరు ప్రతి అంగుళానికి అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులు. ఈ ఇంజిన్‌కైతే పావు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. సందు మరీ తగ్గితే వేడికి రింగు సాగి చివరలు ఒకదానికొకటి తగిలి సిలిండర్ గోడను గీరేస్తాయి.

కెమిస్ట్రీ ల్యాబు బ్యూరెట్‌కు షెడ్డులో పని

కంప్రెషన్ నిష్పత్తిని అంచనాతో చెప్పకూడదు, కొలవాలి. సిలిండర్ హెడ్‌ను తిరగేసి బల్ల మీద సమంగా పెడతారు. వాల్వులు, స్పార్క్ ప్లగ్గు బిగించే ఉంటాయి. చాంబర్ అంచుకు పల్చగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న అద్దంలాంటి అక్రిలిక్ పలకను దాని మీద అదుముతారు. ఆ రంధ్రంలోంచి రంగు కలిపిన నీళ్లనో కిరోసిన్‌నో బ్యూరెట్‌తో చుక్కచుక్కగా వదులుతారు. బుడగ మాయమై చాంబర్ నిండిన చోట అంకె చూసుకుంటారు. దానికి గ్యాస్కెట్ మందం, పిస్టన్ తల మీది గుంట కూడా కలిపితే మొత్తం ఖాళీ తేలుతుంది. మారుతి ఒక్కో సిలిండర్ 265 సీసీ. పైన మిగిలే ఖాళీ 33 సీసీ అయితే నిష్పత్తి 9కి 1. హెడ్‌ను అర మిల్లీమీటరు ఫేసింగ్ చేయిస్తే, అంటే అడుగు చెక్కిస్తే, ఆ ఖాళీలో దాదాపు 1.8 సీసీ పోయి, నిష్పత్తి 9.5 దరిదాపులకు ఎక్కుతుంది. బోరింగ్‌లో అర మిల్లీమీటరుకు దక్కింది 12 సీసీనే. ఫేసింగ్‌లో అదే అర మిల్లీమీటరు ఇంజిన్ స్వభావాన్నే మార్చేస్తుంది.

క్యామ్ మారిస్తే కంప్రెషన్ కూడా మారుతుంది

పార్టుల పొంతనలో అన్నిటికన్నా చిక్కు ముడి ఇది. క్యామ్‌షాఫ్ట్ ఇంటేక్ వాల్వును ఎంతసేపు తెరిచి ఉంచుతుందో డిగ్రీల్లో చెబుతారు. రేసు క్యామ్ వాల్వును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. పిస్టన్ కిందికి వెళ్లి మళ్లీ పైకి బయల్దేరాక కూడా వాల్వు మూసుకోదు. వేగంగా తిరిగేటప్పుడు లోపలికి దూసుకొచ్చే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి ఇంకా నిండుతుంది. నిదానంగా తిరిగేటప్పుడు ఆ ఊపు ఉండదు. పైకొచ్చే పిస్టన్ లోపలి గాలిని వచ్చిన దారినే వెనక్కి తోసేస్తుంది. లెక్క ప్రకారం కంప్రెషన్ 9 అని ఉన్నా, సిలిండర్‌లో నిజంగా నలిగే గాలి తగ్గిపోతుంది. అందుకే పెద్ద క్యామ్ వేసేవాళ్లు కంప్రెషన్ కూడా పెంచుతారు. హెడ్ ముట్టుకోకుండా క్యామ్ ఒక్కటే మారిస్తే ఐడిల్‌లో బండి వణుకుతుంది, ట్రాఫిక్‌లో ఆగిపోతుంది, మైలేజీ పడిపోతుంది. చిన్న క్యామ్ ఉంచి కంప్రెషన్ ఒక్కటే పెంచితే పెట్రోలు తొందరపడి మండి 'టకటక'మనే నాకింగ్ మొదలవుతుంది.

పిల్లల క్లే, పిస్టన్ తలపై

హెడ్ ఫేసింగ్ చేస్తే వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది. లిఫ్టు (వాల్వును తెరిచే లోతు) ఎక్కువ ఉన్న క్యామ్ వేస్తే ఇంకా దగ్గరవుతుంది. రెండూ కలిసి ఎక్కడ ఢీకొంటాయో తెలుసుకోవడానికి ఒక చవకైన పరీక్ష ఉంది. పిల్లలు ఆడుకునే క్లేను పిస్టన్ తల మీద పరిచి, అంటుకోకుండా కాస్త నూనె పూస్తారు. హెడ్డు, పాత గ్యాస్కెట్, టైమింగ్ బెల్టు బిగించి క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పుతారు. రెండే ఎందుకంటే నాలుగు స్ట్రోకులు పూర్తయ్యేది రెండు చుట్లలోనే. హెడ్ విప్పి, వాల్వు నొక్కిన చోట క్లేను బ్లేడుతో కోసి మందం కొలుస్తారు. ఇంటేక్ వైపు 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు తగ్గకూడదన్నది పాత మెకానిక్కుల నియమం. ఎగ్జాస్ట్ వాల్వుకు ఎక్కువ ఎందుకంటే అది ఎక్కువ కాలి, ఎక్కువ సాగుతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఒక్కసారి తగిలినా వాల్వు వంగుతుంది.

నిమిషానికి 2,000 లీటర్ల గాలి

796 సీసీ ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర మహా అయితే నిమిషానికి 2,400 లీటర్ల గాలి పీల్చగలదు. సిలిండర్లు 85 శాతమే నిండుతాయనుకుంటే 2,000 లీటర్లు. కార్బురేటర్ అంతకు సరిపోతే చాలు. 'అన్నా, పెద్ద కార్బురేటర్ వేస్తే ఇంకా లాగతాది గదా?' అని అడిగే కుర్రాళ్లకు జవాబు కార్బురేటర్ గొంతులోనే ఉంది. అక్కడ దారి ఇరుకు కాబట్టి గాలి వేగం పెరిగి, ఒత్తిడి తగ్గి, జెట్‌లోంచి పెట్రోలు పైకి వస్తుంది. గొంతు వెడల్పయితే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం చాలదు, పెట్రోలు పొగమంచులా విడిపోదు, చుక్కలుగా పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక క్షణం తడబడేది అందుకే. మారుతి కార్లకు మికుని కార్బురేటర్లు చేసిన యూకాల్ కంపెనీ చెన్నైదే.

ఎక్కువ చప్పుడు, తక్కువ బలం

ఎగ్జాస్ట్ పైపు లావైతే పొగ హాయిగా పోతుందని, దాంతో పవర్ పెరుగుతుందని ఒక నమ్మకం. 38 మిల్లీమీటర్ల పైపు తీసి 50ది వేస్తే లోపలి వైశాల్యం 73 శాతం పెరుగుతుంది. అదే పొగ పోయే వేగం 58 శాతానికి పడిపోతుంది. ఆ వేగమే ఇంజిన్‌కు సాయం. ఒక సిలిండర్ వదిలిన పొగ వేగంగా పోతూ వెనక కాస్త వెలితి వదులుతుంది. ఆ క్షణంలో ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొద్దిగా తెరిచి ఉంటే, ఆ వెలితి మిగిలిన పొగను బయటికి లాగి కొత్త గాలిని లోపలికి రప్పిస్తుంది. పైపు లావూ పొడవూ క్యామ్‌కు తగ్గట్టు ఉండాలనేది ఇందుకే. సైలెన్సర్ పీకేసిన బండి గట్టిగా అరుస్తుంది కాబట్టి వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది, అంతే.

బంకులో 91, 95, 100

పెట్రోలుకు ఆక్టేన్ అంకె అంటే నలిపినా తొందరపడి మండకుండా ఓర్చుకునే శక్తి. అంకె పెద్దదైనంత మాత్రాన ఆ పెట్రోలులో బలం ఎక్కువ ఉండదు. మన దేశంలో మామూలు పెట్రోలుకు కనీసం 91 ఉండాలన్నది ఏళ్ల తరబడి ఉన్న నియమం. ప్రీమియం 95. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్‌లో ఎక్స్‌పీ 100 పేరుతో 100 ఆక్టేన్ పెట్రోలు తెచ్చింది. కంపెనీ ఫిట్టింగు మారుతిలో దాన్ని పోస్తే డబ్బు పోవడం తప్ప తేడా ఉండదు. కంప్రెషన్ బాగా పెంచిన ఇంజిన్‌లో మామూలుది పోస్తే మిట్ట మీద 'టకటక' మొదలవుతుంది. ఆ నాకింగే పిస్టన్ తలకు చిల్లు పెడుతుంది. మామూలు బంకులో దొరికేదేదో చూసుకుని కంప్రెషన్ నిర్ణయించాలి. ఏ ఊళ్లో దొరుకుతుందో తెలియని పెట్రోలును నమ్ముకుని ఇంజిన్ కడితే రోడ్డు కారు రోడ్డుకు పనికిరాదు.

సీసం పోయింది, ఇథనాల్ వచ్చింది

నాకింగ్ ఆపడానికి 1921లో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో సీసం కలపడం కనిపెట్టాడు. ఆ విషం మన దేశంలోంచి పూర్తిగా పోవడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. ఇప్పుడు ఆ పని కొంత ఇథనాల్ చేస్తోంది. దాని ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. అయితే ఒక చిక్కుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 2025 నాటికి దేశమంతా పరుచుకున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు సుమారు 13.5. కొత్త కార్లలో కంప్యూటర్ ఆ తేడాను సర్దుకుంటుంది. పాత కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. అదే జెట్టుతో పెట్రోలు తగ్గి, గాలి ఎక్కువై, ఇంజిన్ వేడెక్కుతుంది. పాత కారు కట్టించేటప్పుడు జెట్టు సైజు, రబ్బరు పైపులు కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

మే నెలలో 7 శాతం కోత

చలికాలం 20 డిగ్రీల ఉదయంతో పోలిస్తే 42 డిగ్రీల ఎండలో గాలి 7 శాతం పల్చన. ఏ పార్టూ మార్చకుండానే ఆ మేరకు బలం తగ్గిపోతుంది. బానెట్ కింద వేడి గాలి పీల్చే ఓపెన్ ఫిల్టర్ పెడితే ఇంకా ఎక్కువ పోతుంది. కంపెనీవాళ్లు గాలి గొట్టాన్ని గ్రిల్లు దాకా లాగేది ఊరికే కాదు. ఎత్తుకు వెళ్లినా అంతే. సుమారు 850 మీటర్ల ఎత్తున్న తిరుమలలో గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు పది శాతం తక్కువ.

రేడియేటర్ మూత కూడా పార్టే

పెట్రోలులోని శక్తిలో చక్రాలకు చేరేది మూడో వంతు కూడా ఉండదు. దాదాపు అంతే వేడి నీళ్లలోకి, ఇంకొంత పొగలోకి పోతుంది. బలం పెంచితే ఆ వేడీ పెరుగుతుంది. రేడియేటర్ మూత నీళ్లను సుమారు 0.9 బార్ ఒత్తిడిలో ఉంచడం వల్లే అవి 100 దగ్గర మరగవు, 120 దాకా ఓర్చుకుంటాయి. మూత స్ప్రింగు అలిసిపోయిన బండి వేసవిలో పొగలు కక్కడానికి ఇంజిన్‌ను తిట్టి లాభం లేదు. మద్రాసుకు చెందిన సుందరం ఫాస్టెనర్స్ 1990ల్లో అమెరికా జనరల్ మోటార్స్‌కే ఈ మూతలు సరఫరా చేసింది.

ఫార్ములా 1 పిస్టన్, మారుతి పిస్టన్

2006 నుంచి 2013 దాకా ఫార్ములా 1లో వాడిన 2.4 లీటర్ల వీ8 ఇంజిన్లు 18,000 ఆర్‌పీఎం తిరిగేవి. వాటి స్ట్రోకు 40 మిల్లీమీటర్ల లోపే. పిస్టన్ సగటు వేగం లెక్కేస్తే సెకనుకు సుమారు 24 మీటర్లు. 72 మిల్లీమీటర్ల స్ట్రోకున్న మారుతి ఇంజిన్ 10,000 తిరిగితే అదే వేగం వస్తుంది. 6,000 దగ్గర 14.4 మీటర్లే. రెవ్ లిమిట్ పెంచేముందు ఈ లెక్క వేసుకోవాలి. మామూలు పోత పిస్టన్లు, కంపెనీ కనెక్టింగ్ రాడ్లు, కంపెనీ వాల్వు స్ప్రింగులు ఎంత వేగానికి చేశారో అంతవరకే. స్ప్రింగు మెత్తగా ఉంటే వాల్వు క్యామ్ వెంట రాలేక గాలిలోనే తేలుతుంది.

మినీ కూపర్ నేర్పిన పాఠం

పార్టుల పొంతనకు ప్రపంచ ప్రసిద్ధ ఉదాహరణ 1961 నాటి మినీ కూపర్. రేసు కార్ల నిపుణుడు జాన్ కూపర్, బ్రిటిష్ కంపెనీ బీఎంసీ కలిసి 848 సీసీ, 34 హెచ్‌పీ మినీని 997 సీసీ, 55 హెచ్‌పీ చేశారు. దాని కోసం స్ట్రోకు పెంచారు, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు పెట్టారు, గేరు నిష్పత్తులు దగ్గర చేశారు, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు బిగించారు. ఒక్కటి కూడా మిగతావాటిని వదిలేసి మార్చలేదు. ఆ వరస మినీలు మోంటే కార్లో ర్యాలీని 1964, 1965, 1967లో గెలిచాయి. మన అంబాసిడర్‌లోని 1,489 సీసీ ఇంజిన్ కూడా అదే బీఎంసీ కుటుంబానిదే.

కాంటెస్సాకు ఇంజిన్ దొరికిన రోజు

1980ల్లో హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన కాంటెస్సా పెద్ద, అందమైన బండి. ఇంగ్లండ్ వాక్స్‌హాల్ నుంచి తెచ్చిన బాడీ అది. లోపల మాత్రం అంబాసిడర్‌కు వాడే దాదాపు 50 హెచ్‌పీ ఇంజినే. చూడటానికి దర్జాగా ఉన్నా లాగలేకపోయింది. ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్ల గేర్‌బాక్స్ వచ్చాక గానీ ఆ బండికి తగిన ప్రాణం రాలేదు. 1990ల మొదట్లో అంబాసిడర్‌కూ 1.8 ఇసుజు ఇంజిన్ వేసినప్పుడు గేర్‌బాక్స్‌ను కూడా నాలుగు నుంచి ఐదు గేర్లకు మార్చారు. ఆ ఇసుజు పేరే ఇప్పుడు 2016 నుంచి శ్రీసిటీ ఫ్యాక్టరీ గేటు మీద కనిపిస్తోంది.

ఒకే బాడీ, మూడు మెట్లు

1985లో వచ్చిన మారుతి జిప్సీకి 970 సీసీ, 45 హెచ్‌పీ ఇంజిన్. 1996లో జిప్సీ కింగ్‌కు 1,298 సీసీ, 60 హెచ్‌పీ. 2000లో 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (ఫ్యుయల్ ఇంజెక్షన్)తో 80. కంపెనీ కూడా ఒక్కసారే 80కి దూకలేదు. మారుతి 800లోనూ ఇదే కథ. అదే బోరు, అదే స్ట్రోకు, అదే 796 సీసీకి ఒక్కో సిలిండర్‌కు నాలుగు వాల్వులిచ్చి 45 హెచ్‌పీ రాబట్టారు. ఆ బలం పై ఆర్‌పీఎంలో ఉంది కాబట్టి దానికి ఐదో గేరు కూడా జోడించారు. పాత బండికి పవర్ పెంచాలంటే కొత్తగా ఏదో కనిపెట్టనక్కర్లేదు. అదే ఇంజిన్‌కు కంపెనీ తర్వాతి ఏళ్లలో ఏమేం కలిపి మార్చిందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

పెనుకొండ సెల్టోస్‌లో రెండు జోడీలు

2019లో పెనుకొండ కియా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన సెల్టోస్‌కు రెండు పెట్రోలు ఇంజిన్లు. 1.5 లీటర్లది 115 హెచ్‌పీ, 144 న్యూటన్ మీటర్లు. చిన్నదైన 1.4 లీటర్ల టర్బోది 140 హెచ్‌పీ, 242 న్యూటన్ మీటర్లు. మొదటిదానికి ఆటోమేటిక్‌గా బెల్టు తరహా సీవీటీ ఇచ్చారు. టర్బోకు ఏడు గేర్ల డబుల్ క్లచ్ ఇచ్చారు. ఒకే కారు, ఒకే ఫ్యాక్టరీ, అయినా గేర్‌బాక్స్ మాత్రం ఎవరిది వాళ్లకే. బయట టర్బో కిట్ కొని ఇంజిన్‌కు తగిలించి, కంపెనీ క్లచ్చుతోనే తిప్పుదామనుకునేవాళ్లు ఇది గమనించాలి. టార్క్ అరవై శాతం పెరిగితే క్లచ్ ప్లేటు జారడం మొదలుపెడుతుంది. కాలిన వాసన వచ్చాక ఆలోచిస్తే గేర్‌బాక్స్ కూడా విప్పాల్సి వస్తుంది.

మారుతి ఇంజిన్ నుంచి ఫార్ములా 1 దాకా

కోయంబత్తూరు పారిశ్రామిక కుటుంబం నుంచి వచ్చిన ఎస్. కరివర్ధన్ రేసరే కాదు, కార్ల రూపశిల్పి కూడా. మన దేశంలో అందరికీ అందుబాటులో ఉండే రేసు కారు కావాలని మారుతి 800 ఇంజిన్‌తో ఒంటి సీటు కారు చేశాడు. అదే ఫార్ములా మారుతి. నలభై హెచ్‌పీ కూడా లేని ఇంజిన్ రేసుకు ఎలా పనికొచ్చిందంటే, మోయాల్సిన బరువును అంతగా తగ్గించాడు కాబట్టి. నరేన్ కార్తికేయన్ రేసింగ్ మొదలైంది ఆ కారుతోనే. 2005లో జోర్డాన్ జట్టులో చేరి భారత్ నుంచి తొలి ఫార్ములా 1 డ్రైవర్ అయ్యాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. 

విమానాలు దిగిన చోట రేసులు

మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే రోడ్డులో రెడ్ హిల్స్ దాటాక షోలవరం. అక్కడి రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద దశాబ్దాల పాటు కార్ల రేసులు జరిగాయి. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటిని నడిపింది. ఇళ్లలో వాడే ఫియట్‌లే సానబెట్టుకుని అక్కడికి వచ్చేవి. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేక ట్రాక్ కట్టారు. రన్‌వే మీద తిన్నటి దారులు ఎక్కువ కాబట్టి పై వేగం గెలిపించేది. ట్రాక్‌లో 12 మలుపులు. మలుపు నుంచి బయటపడేటప్పుడు లాగే శక్తి, బ్రేకులు గెలిపిస్తాయి. పోటీ చోటు మారితే సరైన ఇంజిన్ కూడా మారిపోయింది.

టైరు ఆఖరి గేరు

145/70 ఆర్12 టైరు వ్యాసం 508 మిల్లీమీటర్లు. అందం కోసం 155/70 ఆర్13 వేస్తే 547. చక్రం ఒక చుట్టుకు దాదాపు 8 శాతం ఎక్కువ దూరం పోతుంది. అంటే అన్ని గేర్లూ 8 శాతం బరువెక్కినట్టే. బోరింగ్‌తో, ఫేసింగ్‌తో సంపాదించింది టైరు షాపులో ఖర్చయిపోతుంది. పైగా స్పీడోమీటర్ 80 చూపుతుంటే బండి నిజానికి 86లో పోతుంటుంది. 2020లో అపోలో టైర్ల ఫ్యాక్టరీ శ్రీసిటీ దగ్గరి చినపాండూరులో మొదలయ్యాక ఈ ప్రాంతానికి టైర్లు సొంత సరుకయ్యాయి, కానీ సైజు ఎంచుకునేది మాత్రం ఇంజిన్‌ను చూసే.

20 కిలోమీటర్ల వేగం, 56 శాతం భారం

గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు పెరిగితే వేగం పెరిగేది పావు వంతే. ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి మాత్రం 56 శాతం పెరుగుతుంది. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి. అందుకే జాన్ కూపర్ మినీకి డిస్క్ బ్రేకులు ఇచ్చాడు. ఖర్చు పట్టీలో బ్రేకులు, టైర్లు పై వరసలో ఉండాలని పాత రేసర్లు చెప్పేది ఇందుకే.

ఒక్కో మార్పుకు 5,000

సరదా తీర్చుకునేముందు చట్టం తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరి 9న తేల్చిచెప్పింది. అదే ఏడాది సవరణతో మారిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పులకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. సీఎన్‌జీ వంటి ఇంధనానికి మారడానికి ఆమోదం పొందిన కిట్లతో దారి ఉంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు అడిగేది కూడా చెప్పకుండా చేసిన మార్పుల గురించే. పెద్ద క్యాములు, రేసు ఎగ్జాస్ట్‌లు ట్రాక్ మీద తిప్పే బండికి పెట్టుకోవాలి.

అన్నిటికన్నా చవకైన పికప్పు

రోడ్డు కారుకు చట్టం ఒప్పుకునే మార్పు, బలం కూడా పెంచేది ఒకటుంది. బండిని కంపెనీ కొలతలకు తిరిగి తేవడం. కంపెనీ ఇంజినీర్లు క్యామ్, కార్బురేటర్, ఎగ్జాస్ట్, గేరు, టైరు అన్నిటికీ పొంతన ముందే కుదిర్చి ఇచ్చారు. ఏళ్లు గడిచేకొద్దీ అది తప్పుతూ వస్తుంది. మొదట కంప్రెషన్ గేజీ తెచ్చి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌ను స్టార్టర్‌తో తిప్పి చూడాలి. అంకెల మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే ఏ పార్టు కొన్నా దండగే. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా నూనె పోసి మళ్లీ తిప్పాలి. అంకె పెరిగితే రింగులు పోయినట్టు. పెరగకపోతే వాల్వు సరిగా కూర్చోవడం లేదని అర్థం. ఆ తర్వాత ఫీలర్ గేజీతో ట్యాపెట్లు, టైమింగ్ లైటుతో స్పార్కు, కొత్త గాలి ఫిల్టరు, సరైన టైరు గాలి. ఇంతా అయ్యాక ఒకసారి తిరుమల ఎక్కి రండి. రెండో గేరులో బండి నిబ్బరంగా లాగితే, సామాను కొనడానికి పక్కన పెట్టిన డబ్బు బ్రేకులకు, టైర్లకు వాడుకోవచ్చు.